లివర్‌పూల్ ఆల్‌టైమ్ మిడ్‌ఫీల్డ్: కళ్ళారా చూసినవాడిగా నా నలుగురు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను 2019 నుంచి లివర్‌పూల్ చూస్తున్నాను. క్లబ్ చరిత్రలో మిడ్‌ఫీల్డర్ అంటే జెరార్డ్ ఒక్కడే అని మా ఫ్రెండ్స్ అంటారు. పాతవాళ్ళని గ్రౌండ్‌లో చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ ఆల్‌టైమ్ మిడ్‌ఫీల్డ్ ఏంటో, ఎందుకో చెప్తారా?"

చూసినవాణ్ణే. గుంటూరులో డాక్టరీ చదివి 1980 చివర్లో ఉద్యోగానికి లివర్‌పూల్ వచ్చాను. రిటైరైందీ ఇక్కడే. వచ్చేనాటికి నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. ఈ ఫుట్‌బాల్ పిచ్చి ఇక్కడ పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

ముందు జవాబు చెప్పేస్తాను. కుడివైపు స్టీవెన్ జెరార్డ్, మధ్యలో గ్రేమ్ సూనెస్, షాబి అలోన్సో, ఎడమవైపు రే కెనడీ. నలుగురిలో ఒక్కణ్ణే ఉంచుకోమంటే సూనెస్. ఇక్కడే మీ ఫ్రెండ్స్‌కి కోపం వస్తుందని తెలుసు. ఎందుకో చెప్తాను.

అంతకంటే ముందు ఒక మెలిక. మిడ్‌ఫీల్డ్ అంటే ఎవరెవరు? జాన్ బార్న్స్‌ని వదిలేశానని తిట్టేవాళ్ళుంటారు. 1987లో వాట్‌ఫర్డ్ నుంచి వచ్చినప్పుడు అతను ఎడమ వింగర్. నా దృష్టిలో ఆ బార్న్స్ ఫార్వర్డ్. నేను చూసిన ఎర్ర చొక్కాల్లో అతనికంటే అందంగా ఆడినవాడు లేడు, అది వేరే సంగతి. 1992లో ఇంగ్లండ్‌కి ఆడుతూ మడమ నరం తెగాక పరుగు తగ్గి, మధ్యలోకి వచ్చి సెటిలయ్యాడు. ఆ రెండో బార్న్స్ దగ్గర బంతి లాక్కోవడం ఎవరి వల్లా కాలేదు గానీ, మొదటి బార్న్స్‌ని మర్చిపోయి రెండోవాడికి మార్కులు వెయ్యడం నాకు చేతకాదు. కాబట్టి అతను ఫార్వర్డ్‌ల లిస్టులో ఉంటాడు. మన ఇంకో ఫార్వర్డ్ కెన్నీ డాల్‌గ్లీష్ కూడా అంతే.

ఇక సూనెస్.

1981 మార్చి 4. యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్, సోఫియా నుంచి సీఎస్‌కేఏ వచ్చింది. మా హాస్పిటల్లో పోర్టర్‌గా చేసే ఒకాయన "డాక్టర్, ఇవాళ నీకు డ్యూటీ లేదుగా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. అప్పట్లో కాప్ స్టాండ్‌లో సీట్లు లేవు, అందరూ నిలబడి చూడాల్సిందే. జనం ఒక్కసారి ముందుకి ఊగితే మన కాళ్ళు నేల మీద ఉండవు. గోల్ పడినప్పుడు ఒక మెట్టు మీద ఉన్నవాణ్ణి, కేకలు ఆగేసరికి పదిమెట్లు కింద ఉన్నాను. పోర్టరు ఎటు పోయాడో తెలీదు. బాత్రూమ్‌కి వెళ్ళే దారి ఉండదు కాబట్టి కొందరు పేపరు గొట్టంలా చుట్టి పని కానిచ్చేవారు. పక్కవాడి చేతిలో చుట్టిన పేపరు కనిపిస్తే జరగాలని ఆ రాత్రే నేర్చుకున్నాను.

లివర్‌పూల్ 5-1తో గెలిచింది. మూడు గోల్స్ సూనెస్‌వి, మూడూ బాదినవే. కానీ నాకు గుర్తుండిపోయింది గోల్స్ కాదు. ఆట తెలియనివాణ్ణి కదా, బంతి ఎటుపోతే అటు చూస్తున్నాను. పోర్టరు మొదట్లోనే చెవిలో అరిచాడు: బంతిని చూడకు, ఆ మీసాలాయన్ని చూడు. చూశాను. బంతి రాకముందే తల రెండుసార్లు వెనక్కి తిప్పేవాడు. వచ్చాక రెండు టచ్‌లు, పంపేసేవాడు. పంపి ఊరుకోడు, చేత్తో చూపించేవాడు, నువ్వు అటు పో, నువ్వు ఇక్కడే ఉండు అని. పెళ్ళింట్లో వంటలు, పందిరి, భోజనాల బంతులు అన్నీ ఒంటిచేత్తో నడిపించే పెదమామయ్య ఒకరుంటారు చూడండి, అచ్చం అలాగే. ఆయన భోంచేశాడో లేదో ఎవరికీ తెలీదు, కానీ ఆయన లేకపోతే ఒక్క ఆకు కూడా వెయ్యరు.

1978 జనవరిలో మిడిల్స్‌బ్రో నుంచి 3,52,000 పౌండ్లకి కొన్నారు. ఆ మేలోనే వెంబ్లీలో క్లబ్ బ్రూజ్ మీద డాల్‌గ్లీష్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌కి పాస్ ఇచ్చింది సూనెస్సే. వెళ్ళేలోపు అయిదు లీగ్ టైటిల్స్, మూడు యూరోపియన్ కప్‌లు. మ్యాచ్‌లు 359, గోల్స్ 55.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు: "అప్పటి టీమ్‌లో ఎవరున్నా గెలిచేవాళ్ళే కదా?" న్యాయమైన మాటే. అందుకే కప్పులు లెక్కపెట్టడం నాకు ఇష్టం ఉండదు. నేను చూసేది ఆ మనిషి వెళ్ళిపోయిన మరుసటి సీజన్‌ని. 1984 వేసవిలో సూనెస్ ఇటలీకి, సాంప్‌డోరియాకి వెళ్ళాడు. అప్పటికి వరసగా మూడేళ్ళు లీగ్ మనదే. ఆ తర్వాతి సీజన్‌లో ఒక్క కప్పూ రాలేదు. ఎవర్టన్ 90 పాయింట్లతో ఛాంపియన్, మనం 77తో రెండో స్థానం. స్ట్రైకర్ రష్ గాయంతో కొన్నాళ్ళు లేడు, నిజమే. అయినా కాప్‌లో నిలబడి చూసినవాళ్ళకి తెలుసు, గ్రౌండ్ మధ్యలో ఒక గొయ్యి పడింది.

ఈ కొలత అన్నిసార్లూ పని చెయ్యదు, అదీ చెప్పాలి. 1978లో పాత మిడ్‌ఫీల్డర్ ఇయన్ క్యాలహన్ వెళ్ళిపోయాక వచ్చిన సీజన్ క్లబ్ చరిత్రలోనే గొప్పది: 42 లీగ్ మ్యాచ్‌ల్లో 85 గోల్స్ కొట్టి 16 మాత్రమే ఇచ్చారు. అంటే క్యాలహన్ పనికిరానివాడనా? కాదు, అప్పటికే సూనెస్ వచ్చి కూర్చున్నాడు.

రెండో అభ్యంతరం సూనెస్ మోటుతనం. అది కాదనలేను. 1984 యూరోపియన్ కప్ సెమీఫైనల్లో డైనమో బుకారెస్ట్ కెప్టెన్ దవడ విరగ్గొట్టాడు. డాక్టరుగా చెప్తున్నా, దవడ ఫ్రాక్చర్ చిన్న విషయం కాదు, వారాల తరబడి నమలడం కూడా కష్టమే. రెండో లెగ్‌కి బుకారెస్ట్ వెళ్తే ఊరు ఊరంతా అతని మీద పగతో ఉంది. ఆ గోలలోనే 2-1తో గెలిచి వచ్చారు. తప్పు తప్పే. ఇవాళైతే వీడియో రిఫరీ బయటికి పంపేవాడు. ఇంకొక విషయం, తర్వాత మేనేజర్‌గా వచ్చినప్పుడు 1992లో, 1989లో హిల్స్‌బరో స్టేడియంలో మన అభిమానులు నలిగి చనిపోయిన దుర్ఘటన మీద అబద్ధాలు రాసిన పేపరుకి ఇంటర్వ్యూ ఇవ్వడం. ఈ ఊళ్ళో చాలామంది దాన్ని ఇప్పటికీ క్షమించలేదు. నేను ఆటగాడి గురించే మాట్లాడుతున్నాను. ఆ రెండూ విడదీయలేం అనేవాళ్ళతో వాదించను.

జెరార్డ్ మొదటివాడు ఎందుకు కాదు? ఇది రాయడానికి నాకే కష్టంగా ఉంది. ఈ ఊరి పిల్లాడు, హైటన్‌లో పెరిగాడు. హిల్స్‌బరోలో చనిపోయిన 97 మందిలో పదేళ్ళ కజిన్ ఒకడున్నాడు. 710 మ్యాచ్‌లు, 186 గోల్స్.

2004 డిసెంబర్ 8న ఒలింపియాకోస్‌తో మ్యాచ్. 1-0తోనో, రెండు గోల్స్ తేడాతోనో గెలవాలి, లేకపోతే ఛాంపియన్స్ లీగ్‌లోంచి బయటికి. హాఫ్‌టైమ్‌కి రివాల్డో ఫ్రీ కిక్‌తో 0-1 వెనకబడి ఉన్నాం. అంటే మూడు గోల్స్ కావాలి. సినామా పాంగోల్ ఒకటి, మెల్లర్ ఒకటి కొట్టారు. 86వ నిమిషం. మెల్లర్ తలతో మెత్తగా కిందికి దించాడు, జెరార్డ్ పరిగెత్తుకుంటూ వచ్చి బంతి నేల నుంచి లేస్తుండగానే కొట్టాడు. కాప్ వైపు గోల్‌పోస్టే. మా అబ్బాయి, నేను పక్కపక్క సీట్లలో ఉన్నాం. బంతి కాలికి తగిలిన చప్పుడు విన్నామని ఇద్దరం ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్తాం. నలభై వేల మంది అరుస్తుంటే ఎలా వినిపించిందని మా ఆవిడ అడుగుతుంది. దానికి జవాబు లేదు.

ఆ తర్వాత ఇస్తాంబుల్, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 2005 మే 25, హాఫ్‌టైమ్‌కి మిలాన్ 3-0. జెరార్డ్ హెడర్‌తో ఒకటి తెచ్చాడు, పెనాల్టీ తెచ్చింది కూడా అతనే. అందరికీ గుర్తుండేవి అవే. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఏం చేశాడో చూడండి: మిలాన్ ఎడమవైపు సెర్జీన్యో అనే కొత్త కాళ్ళు వస్తే, అతన్ని ఆపడానికి జెరార్డ్‌ని రైట్ బ్యాక్‌కి పంపారు. అప్పటికే అలిసిపోయిన మనిషి, కాళ్ళు పట్టేస్తున్నా ట్యాకిల్ మీద ట్యాకిల్ వేశాడు. ఒకే ఫైనల్లో స్ట్రైకర్ పని, మిడ్‌ఫీల్డ్ పని, డిఫెండర్ పని.

నా పాయింట్ కూడా అదే. జెరార్డ్ అన్ని పనులూ తానే చేసేవాడు. సూనెస్ ఎవరి పని వాళ్ళ చేత చేయించేవాడు. జెరార్డ్ టైమ్‌లో చాలా సీజన్లు పక్కన అంతటి మనుషులు లేరు కాబట్టి అలా చెయ్యక తప్పలేదు, అది అతని తప్పు కాదు. కానీ మధ్యలో నిలబడి ఆట వేగాన్ని తగ్గించాల్సిన చోట తగ్గించడం అతని స్వభావంలో లేదు. ప్రతి బంతీ చివరి బంతి అన్నట్టు ఆడేవాడు. అప్పటి మేనేజర్ బెనితెజ్ అది పసిగట్టే 2005-06లో ఎక్కువగా కుడివైపు ఆడించాడు. అన్నీ కలిపి 23 గోల్స్ కొట్టాడు, ఇంగ్లండ్‌లో తోటి ఆటగాళ్ళు ఓటేసి ఆ ఏడాది మేటిగా ఎన్నుకున్నారు. వెస్ట్‌హామ్‌తో ఎఫ్‌ఏ కప్ ఫైనల్, ఆఖరి క్షణాల్లో ముప్ఫై అయిదు గజాల నుంచి కొట్టిన గోల్ కూడా ఆ సీజన్‌దే. అందుకే నా టీమ్‌లో అతన్ని కుడివైపు పెట్టాను, తగ్గించి కాదు.

2014లో టైటిల్ చేతికందే వేళ చెల్సీ మ్యాచ్‌లో జారిపడి గోల్ ఇచ్చుకున్న సంగతి అడగొద్దు. మా హైదరాబాద్ బావమరిది మాంచెస్టర్ యునైటెడ్ మనిషి. ఏటా ఏప్రిల్ 27కి ఆ వీడియో పంపుతాడు. ఒక్క లీగ్ టైటిల్ లేదు కాబట్టి గొప్పవాడు కాదనే వాదన మాత్రం నాకు నచ్చదు.

షాబి అలోన్సో అయిదు సీజన్లే ఆడాడు, 210 మ్యాచ్‌లు. అంత తక్కువ ఆడినవాడికి చోటా అంటే, మళ్ళీ నా పాత కొలతే. 2008-09లో 86 పాయింట్లు, రెండో స్థానం. 2009 వేసవిలో రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళాడు. 2009-10లో 63 పాయింట్లు, ఏడో స్థానం. జెరార్డ్, టోరెస్, మషెరానో అందరూ ఉన్నారు, అతను లేడు. అంతకు ముందు ఏడాదే క్లబ్ అతన్ని అమ్మేసి ఇంకొకర్ని కొందామనుకుంది. మనింట్లో ఉన్న వస్తువు విలువ మనకి తెలీదు.

అతని పాస్ గురించి ఒక్క మాట. గ్రౌండ్ ఈ మూల నుంచి ఆ మూలకి నలభై గజాలు చాలామంది కొడతారు. అలోన్సో కొడితే బంతి అవతలివాడి పరుగులో, అతనికి కావాల్సిన కాలు వైపే పడేది, ఆగి సర్దుకోవాల్సిన పని ఉండేది కాదు. 2006 జనవరిలో లూటన్ మీద మన సగంలోంచే ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. ఈ సీజన్‌లో అలోన్సో సొంత సగంలోంచి గోల్ కొడతాడని ఒక అభిమాని ముందే 200 పౌండ్లు పందెం కాసి ఉన్నాడు. 25,000 వచ్చాయి. అదే ఏడు సెప్టెంబర్‌లో న్యూకాసిల్ మీద మళ్ళీ కొట్టాడు. అప్పుడు పందెం కాసినవాళ్ళున్నారో లేదో మరి.

రే కెనడీ పేరు మీ ఫ్రెండ్స్ విని ఉండరు. 1974 జూలైలో మేనేజర్ బిల్ షాంక్లీ రాజీనామా చేసిన రోజే ఆర్సెనల్ నుంచి వచ్చాడు. పాపం, ఆ వార్త ముందు ఇతని రాక ఎవరు చూస్తారు? వచ్చింది స్ట్రైకర్‌గా. తర్వాతి మేనేజర్ బాబ్ పేజ్లీ అతన్ని ఎడమ మిడ్‌ఫీల్డ్‌కి మార్చాడు. వింగర్‌లా గీత పట్టుకుని పరిగెత్తడు, లోపలికి వచ్చి బాక్స్‌లో ఆలస్యంగా ప్రత్యక్షమవుతాడు. స్ట్రైకర్‌గా నేర్చుకున్న ఒడుపు పోలేదన్నమాట. 1981 ఏప్రిల్, మ్యూనిక్‌లో బయర్న్‌తో సెమీఫైనల్ రెండో లెగ్. ఇక్కడ 0-0. అక్కడ మొదట్లోనే డాల్‌గ్లీష్ గాయంతో బయటికి. ఏడు నిమిషాలు మిగిలి ఉండగా కెనడీ ఛాతీతో దించుకుని కొట్టాడు. రుమెనిగే తర్వాత సమం చేసినా, స్కోర్లు సమమైతే అవతలివాళ్ళ గ్రౌండ్‌లో కొట్టిన గోల్‌కే విలువ ఎక్కువన్న అప్పటి లెక్కలో మనం ఫైనల్‌కి, అక్కడ రియల్ మాడ్రిడ్ మీద గెలుపు.

ముప్ఫైల్లోనే అతనికి పార్కిన్సన్స్ వచ్చింది. తర్వాత ఒక న్యూరాలజీ నిపుణుడు అతని పాత మ్యాచ్‌ల వీడియోలు పరిశీలిస్తే, రోగం బయటపడడానికి ఏళ్ళ ముందే, ఆడుతున్న రోజుల్లోనే, చేతి కదలికలో తేడా కనిపించింది. అది చదివాక నేనూ పాత టేపులు తీసి చూశాను. పరిగెత్తేటప్పుడు ఒక చెయ్యి రెండోదానిలా ఊగదు. ఆ రోజుల్లో స్టాండ్‌లో డాక్టర్నై ఉండి కూడా నేను గమనించలేదు. అతను అలిసిపోయాడని మేం విసుక్కునేవాళ్ళం. 2021లో పోయాడు. నా నలుగురిలో అతనికి చోటివ్వడంలో ఈ అపరాధభావం ఎంతో కొంత ఉందేమో, కాదనను.

బయట కూర్చునేవాళ్ళ గురించి గబగబా. క్యాలహన్‌ని నేను ఆడగా చూడలేదు, అందుకే తీసుకోలేదు. 857 మ్యాచ్‌లు, క్లబ్ రికార్డు, ఎవరూ దగ్గరికి కూడా రాలేరు. 1960లో రెండో డివిజన్లో మొదలుపెట్టి 1977లో యూరోపియన్ కప్ ఎత్తాడు. వింగర్‌గా వచ్చి, మోకాలి ఆపరేషన్ తర్వాత మధ్యలోకి మారి ఇంకో సగం జీవితం ఆడాడు. అన్నేళ్ళలో ఒకే ఒక్కసారి రిఫరీ పుస్తకంలో పేరు రాశాడు. మా పోర్టరు లెక్కలో మొదటి పేరు ఇదే. నేను సూనెస్ అన్నప్పుడల్లా "నువ్వు ఆలస్యంగా వచ్చావు డాక్టర్" అనేవాడు.

యాన్ మోల్బీ డెన్మార్క్ నుంచి వచ్చి ఈ ఊరి యాస ఈ ఊరివాళ్ళకంటే బాగా పట్టేశాడు. ఒళ్ళు కాస్త ఎక్కువే, పరుగు తక్కువే. 1985 నవంబర్ 26న మాంచెస్టర్ యునైటెడ్ మీద మన సగంలో బంతి లాక్కుని ఒక్కడే ముందుకి మోసుకెళ్ళి బాదిన గోల్ నేను చూశాను. అప్పుడు టీవీ కంపెనీలతో గొడవ వల్ల మ్యాచ్‌లు టీవీలో రావట్లేదు. ఏళ్ళ తరబడి మేం చెప్తే కోతలనుకున్నారు. 2009లో వీడియో బయటపడింది. మా అబ్బాయి చూసి, "నాన్నా, మీరు చెప్పినంత దూరం నుంచి కాదు" అన్నాడు. అదీ నిజమే.

రోనీ వీలన్ ఎక్కడ పెడితే అక్కడ ఆడాడు, 493 మ్యాచ్‌లు. అందుకే ఎవరూ గుర్తుపెట్టుకోరు. టెర్రీ మెక్‌డెర్మాట్ 1978లో టాటెన్‌హామ్‌ని 7-0తో ఓడించినప్పుడు కొట్టిన ఏడో గోల్ ఒక్కటి చూడండి చాలు. హామన్ ఇస్తాంబుల్‌లో హాఫ్‌టైమ్‌లో వచ్చాకే మిలాన్‌కి దారులు మూసుకుపోయాయి, చివరి షూటౌట్‌లో పెనాల్టీ కొట్టినప్పుడు అతని పాదంలో ఎముక విరిగి ఉంది.

మీరు చూస్తూ పెరిగినవాళ్ళని చిన్నచూపు చూస్తున్నానని అనుకోకండి. ఫబీన్యో, హెండర్సన్, వైనాల్డమ్ ముగ్గురూ ఉన్న టీమ్ 2019లో యూరప్, 2020లో 99 పాయింట్లతో ముప్ఫై ఏళ్ళ తర్వాత లీగ్ గెలిచింది. అయితే అప్పటి మేనేజర్ క్లాప్ ఆటలో గోల్స్‌కి దారి వేసేది ఫుల్ బ్యాక్‌లు, ట్రెంట్, రాబర్ట్‌సన్. వాళ్ళిద్దరూ పైకి వెళ్తే వెనక ఖాళీ కాపలా కాయడం మిడ్‌ఫీల్డ్ పని. కాపలా మనిషికి హైలైట్స్‌లో చోటుండదు. ముగ్గుర్నీ కలిపి ఒక యూనిట్‌గా తీసుకోమంటే నేను రెడీ, విడివిడిగా అయితే ఫబీన్యో ఒక్కడే నా బెంచీ దాకా వస్తాడు. 2025 టైటిల్లో గ్రావెన్‌బెర్క్ ఆట చూసి ముచ్చటేసింది, ఇంకా చిన్నవాడు, చూద్దాం.

ఓపిక ఉంటే 1984 యూరోపియన్ కప్ ఫైనల్, రోమ్‌లో రోమా మీద ఆడిన మ్యాచ్ మొత్తం దొరకపుచ్చుకుని చూడండి. హైలైట్స్ వద్దు. అవతలివాళ్ళ సొంత స్టేడియం, 1-1, పెనాల్టీలు. మొదటిది నికోల్ పైకి తన్నేశాడు. రెండోది నీల్ వేశాడు. మూడోది సూనెస్ వేసి వస్తాడు. సూనెస్ క్లబ్‌కి ఆడిన ఆఖరి మ్యాచ్ అదే.